ఆస్పత్రి మంచం మీదా బేడీలేనా? సుప్రీంకోర్టు వద్దన్నా ఎందుకు ఆగట్లేదు.. కొత్త చట్టంలో ఏముంది?

2025 ఫిబ్రవరి 5న అమెరికా సైనిక విమానం ఒకటి అమృత్‌సర్‌లో దిగింది. అందులో 104 మంది భారతీయులున్నారు. సరైన పత్రాలు లేకుండా అమెరికాలో ఉన్నారని అక్కడి ప్రభుత్వం వెనక్కి పంపింది. దారంతా చేతులకు బేడీలు, కాళ్లకు గొలుసులు వేసి తీసుకొచ్చారన్న సంగతి బయటికి రాగానే దేశమంతా భగ్గుమంది. పార్లమెంటులో గొడవ జరిగింది. 2012 నుంచి అమెరికా పాటిస్తున్న పద్ధతే ఇది అంటూ విదేశాంగ మంత్రి ఎస్.జైశంకర్ మర్నాడు రాజ్యసభలో వివరణ ఇవ్వాల్సి వచ్చింది.

సరిగ్గా రెండు రోజుల తర్వాత, ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. ఇది కూడా బేడీల గురించే. కాకపోతే వేసింది అమెరికా కాదు, మన పోలీసులే. హర్యానాలో అరెస్టయిన ఒక నిందితుడిని రోహ్‌తక్‌లోని పీజీఐఎంఎస్ ఆస్పత్రిలో చేర్పించి, చేతికి బేడీ వేసి, గొలుసుతో మంచానికి కట్టేశారు. ఇది ఆర్టికల్ 21 కింద ఆ వ్యక్తికున్న హక్కును ఉల్లంఘించడమేనని జస్టిస్ అభయ్ ఎస్.ఓకా, జస్టిస్ ఎన్.కోటీశ్వర్ సింగ్ ధర్మాసనం తేల్చింది. ఇలా మళ్లీ జరగకుండా మార్గదర్శకాలు ఇవ్వాలని హర్యానా ప్రభుత్వాన్ని ఆదేశించింది. అరెస్టుకు కారణాలు చెప్పలేదన్న అంశంపై అసలు అరెస్టే చెల్లదని కూడా స్పష్టం చేసింది.

విమానంలో వేసిన బేడీల మీద జరిగినంత చర్చ, ఆస్పత్రి మంచానికి వేసిన గొలుసు మీద జరగలేదు. కానీ తెలుగు రాష్ట్రాల జనానికి దగ్గరి విషయం రెండోదే.

మన దగ్గర ఏం జరిగింది?

ఎనిమిదేళ్ల వ్యవధిలో తెలుగు రాష్ట్రాల్లో నాలుగుసార్లు బేడీల ఫొటోలు రాజకీయ దుమారం రేపాయి. నాలుగుసార్లూ బేడీలు పడింది రైతుల చేతులకే.

2017 మే: ఖమ్మం మిర్చి యార్డులో ధర కోసం జరిగిన ఆందోళన కేసులో అరెస్టయిన 10 మంది రైతులను బేడీలతో కోర్టుకు తెచ్చారు. దుమారం రేగాక ఇద్దరు ఆర్మ్‌డ్ రిజర్వ్ అధికారులను సస్పెండ్ చేశారు.

2020 అక్టోబర్: అమరావతి ప్రాంతంలోని కృష్ణాయపాలెం రైతులను నరసరావుపేట సబ్ జైలు నుంచి గుంటూరు జైలుకు మార్చేటప్పుడు బేడీలు వేశారు. ఆరుగురు హెడ్ కానిస్టేబుళ్లు సస్పెండయ్యారు.

2023 జూన్: రీజినల్ రింగ్ రోడ్డులో భూములు పోతున్నాయని నిరసన తెలిపి అరెస్టయిన రైతులను భువనగిరి కోర్టుకు బేడీలతో తీసుకొచ్చారు.

2024 డిసెంబర్: లగచర్ల కేసులో సంగారెడ్డి జైల్లో ఉన్న ఒక గిరిజన రైతుకు ఛాతీ నొప్పి వచ్చింది. ఆస్పత్రికి తీసుకెళ్లారు, చేతికి బేడీలతోనే. వీడియో బయటికి రాగానే ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి సీరియస్ అయ్యారు, విచారణకు ఆదేశించారు. జైలర్ సస్పెండయ్యారు. బీఆర్ఎస్ ఎమ్మెల్యేలు నల్ల చొక్కాలు, చేతులకు బేడీలతో అసెంబ్లీకి వచ్చి నిరసన తెలిపారు.

ఈ నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం అర్థమవుతుంది. ఖమ్మం, భువనగిరి ఘటనలప్పుడు రాష్ట్రంలో అధికారంలో ఉన్నది నేటి బీఆర్ఎస్సే. అమరావతి ఘటనప్పుడు వైఎస్సార్సీపీ. లగచర్లప్పుడు కాంగ్రెస్. అంటే ఇది ఏదో ఒక పార్టీ తెచ్చిన జబ్బు కాదు. ప్రతిసారీ ప్రతిపక్షం మండిపడుతుంది, ప్రభుత్వం విచారణ అంటుంది, కింది స్థాయిలో ఎవరో ఒకరు సస్పెండవుతారు. ఆ తర్వాత ఆ సంగతి పక్కకుపోతుంది. హర్యానా కేసులోనూ అంతే, ఎస్కార్ట్‌గా వెళ్లిన సిబ్బందిని సస్పెండ్ చేసి శాఖాపరమైన విచారణ మొదలుపెట్టారు.

బేడీ వేసింది ఎవరు అని మాత్రమే అడుగుతున్నారు. వేయమని కోర్టు ఇచ్చిన ఆర్డర్ ఏదీ అని మాత్రం ఎవరూ అడగట్లేదు. చట్టం మొత్తం తిరిగేది ఆ ఆర్డర్ చుట్టూనే.

సుప్రీంకోర్టు ఎప్పుడు ఏం చెప్పింది?

బేడీల మీద సుప్రీంకోర్టు మొదటిసారి చెప్పింది నిన్నో మొన్నో కాదు, దాదాపు యాభై ఏళ్లుగా చెబుతూనే ఉంది.

1978లో సునీల్ బాత్రా కేసు. తిహార్ జైల్లో ఒంటరి ఖైదు మీద వచ్చిన పిటిషన్ అది. దాంతోపాటే చార్లెస్ శోభరాజ్ పిటిషన్ కూడా విచారణకు వచ్చింది. కాళ్లకు ఇనుప సంకెళ్లు వేసి రోజులు, నెలల తరబడి ఉంచారన్నది అతని ఫిర్యాదు. ఎంత పేరుమోసిన నేరస్థుడైనా సరే, సంకెళ్లు చివరి మార్గంగానే వాడాలని, కారణం చెప్పాలని, ఖైదీ వాదన వినాలని కోర్టు చెప్పింది.

1980లో ప్రేమ్ శంకర్ శుక్లా కేసు. బాత్రా తీర్పు వచ్చినా తమకు ఇంకా బేడీలు వేస్తూనే ఉన్నారని తిహార్ నుంచి ఒక విచారణ ఖైదీ సుప్రీంకోర్టుకు టెలిగ్రాం కొట్టాడు. కోర్టు దాన్నే పిటిషన్‌గా తీసుకుంది. అప్పట్లో ఒక రూలుండేది. చదువు, డబ్బు, హోదా ఉన్న 'మెరుగైన తరగతి' ఖైదీలకు బేడీలుండవు, సామాన్యులకుంటాయి. డబ్బున్నవాడు పారిపోడు, పేదోడు పారిపోతాడు అన్నట్టుండే ఈ తేడాను జస్టిస్ వి.ఆర్.కృష్ణయ్యర్ కొట్టేశారు. పారిపోయే ప్రమాదం స్పష్టంగా ఉంటేనే బేడీలు, అదీ కారణాలు రాసి, కోర్టుకు చూపించి వేయాలన్నారు.

1991లో నడియాద్ కేసు. గుజరాత్‌లోని నడియాద్‌లో 1989లో పోలీసులు ఏకంగా చీఫ్ జ్యుడీషియల్ మేజిస్ట్రేట్‌నే అరెస్టు చేసి, బేడీలు వేసి, తాడుతో కట్టి ఫొటోలు తీశారు. దేశవ్యాప్తంగా జడ్జిలు కదిలారు. పోలీసు అధికారులను కోర్టు ధిక్కారం కింద సుప్రీంకోర్టు శిక్షించింది.

1995లో అస్సాం కేసు. గువాహటి ఆస్పత్రిలో టాడా ఖైదీలను బేడీలు వేసి, మంచాలకు కట్టి ఉంచడం ప్రముఖ జర్నలిస్టు కులదీప్ నయ్యర్ చూశారు. జడ్జికి ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం మీదే సుప్రీంకోర్టు ఇప్పటికీ వర్తించే ఆదేశాలిచ్చింది. జైల్లో ఉన్నప్పుడు గానీ, ఒక జైలు నుంచి ఇంకో జైలుకు తరలించేటప్పుడు గానీ, కోర్టుకు తీసుకెళ్లి తెచ్చేటప్పుడు గానీ పోలీసులు, జైలు అధికారులు సొంతంగా బేడీలు వేయకూడదు. పారిపోతాడనో, హింసకు దిగుతాడనో గట్టి ఆధారం ఉంటే మేజిస్ట్రేట్‌ను అడిగి అనుమతి తీసుకోవాలి. వారెంట్ లేకుండా అప్పటికప్పుడు అరెస్టు చేసినప్పుడు మాత్రం, తప్పనిసరైతే స్టేషన్‌కు, అక్కడి నుంచి మేజిస్ట్రేట్ ముందుకు తీసుకెళ్లే వరకు వేయొచ్చు. ఆ తర్వాత కోర్టు ఆర్డర్ కావాల్సిందే. ఉల్లంఘిస్తే కోర్టు ధిక్కారమే.

అంటే 1995లో గువాహటిలో తప్పన్నదే, 2025లో రోహ్‌తక్ విషయంలో మళ్లీ తప్పని చెప్పాల్సి వచ్చింది. మధ్యలో ముప్పై ఏళ్లు గడిచాయి.

కొత్త చట్టం వచ్చాక ఏం మారింది?

2024 జులై 1 నుంచి సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే బీఎన్‌ఎస్‌ఎస్ అమల్లోకి వచ్చింది. పాత సీఆర్‌పీసీలో బేడీలన్న మాటే లేదు. పారిపోకుండా అవసరమైనంత మేరకే అదుపు చేయాలి, అంతకు మించి వద్దు అని మాత్రం ఉండేది. కొత్త చట్టంలో ఆ నిబంధన అలాగే ఉంది. దాంతోపాటు సెక్షన్ 43(3) వచ్చి చేరింది.

దీని ప్రకారం కొన్ని రకాల నిందితులకు పోలీసు అధికారి బేడీలు వేయొచ్చు. పదేపదే నేరాలు చేసేవాళ్లు, గతంలో కస్టడీ నుంచి పారిపోయినవాళ్లు, వ్యవస్థీకృత నేరాలు, ఉగ్రవాదం, డ్రగ్స్, అక్రమ ఆయుధాలు, హత్య, అత్యాచారం, యాసిడ్ దాడి, దొంగనోట్లు, మనుషుల అక్రమ రవాణా, పిల్లలపై లైంగిక నేరాలు, రాజ్యానికి వ్యతిరేకంగా చేసే నేరాలు ఈ జాబితాలో ఉన్నాయి. మొదటి బిల్లులో ఆర్థిక నేరాలు కూడా ఉండేవి. పార్లమెంటరీ స్థాయీ సంఘం వద్దనడంతో తీసేశారు. అదే సమయంలో, అరెస్టు సమయానికి పరిమితమైన ఈ అధికారాన్ని కోర్టులో హాజరుపరిచే సమయానికి కూడా పెంచారు.

ఇక్కడే మెలిక ఉంది. సెక్షన్ మాటలు జాగ్రత్తగా చదివితే రెండే సందర్భాలు కనిపిస్తాయి. ఒకటి అరెస్టు చేసేటప్పుడు. రెండోది కోర్టులో హాజరుపరిచేటప్పుడు. జైలు నుంచి ఆస్పత్రికి తీసుకెళ్లడం గురించి గానీ, ఆస్పత్రి మంచం గురించి గానీ, జైలు నుంచి జైలుకు మార్చడం గురించి గానీ అందులో ఒక్క మాట లేదు. అక్కడ 1995 ఆదేశాలే దిక్కు.

ఇంకో సంగతి. కారణం రాసి పెట్టాలని, మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలని ఈ సెక్షన్ చెప్పదు. అలాగని ఆ అవసరం పోయిందనుకుంటే పొరపాటే. సుప్రీంకోర్టు తీర్పులు నిలబడింది సీఆర్‌పీసీ మీద కాదు, రాజ్యాంగం మీద. ఆర్టికల్ 21ని మామూలు చట్టంలోని ఒక ఉపసెక్షన్ పక్కకు నెట్టలేదు. పైగా 2025 ఫిబ్రవరి తీర్పు వచ్చింది కొత్త చట్టం అమల్లోకి వచ్చాకే.

కానీ స్టేషన్‌లో, ఎస్కార్ట్ వ్యాన్‌లో జరిగేది వేరు. 'కొత్త చట్టంలో బేడీలు వేయొచ్చంట' అన్న ఒక్క ముక్కే కింది దాకా చేరితే, ఏ కేసుకి, ఏ సందర్భంలో అన్న మిగతా సగం దారిలోనే రాలిపోతుంది.

జైళ్ల చట్టం సంగతేంటి?

1894 నాటి జైళ్ల చట్టంలో బేడీలు, సంకెళ్లను జైల్లో క్రమశిక్షణ తప్పినందుకు వేసే శిక్షల్లో కూడా చేర్చారు. అయితే అంత పాత చట్టమే ఇంకో మాట కూడా చెప్పింది. అత్యవసరమైతే తప్ప జైలర్ తన ఇష్టప్రకారం ఖైదీకి ఇనుప సంకెళ్లు వేయకూడదు, వేస్తే వెంటనే సూపరింటెండెంట్‌కు తెలియజేయాలి. బ్రిటిష్ వాళ్లు రాసిన చట్టంలోనే ఒకరి పైన ఇంకొకరి తనిఖీ ఉండాలన్న ఆలోచన ఉందన్నమాట.

పోలీసులు ఎందుకు వేస్తారు?

అన్నిసార్లూ కక్షతోనో, అవమానించాలనో వేస్తారనుకోలేం. ఒక ఎస్కార్ట్ కానిస్టేబుల్ వైపు నుంచి చూస్తే లెక్క వేరేగా ఉంటుంది.

నిర్లక్ష్యం వల్ల ఖైదీ తప్పించుకుంటే బాధ్యుడైన ఉద్యోగి మీద క్రిమినల్ కేసు పెట్టొచ్చు. ఐపీసీలో దీనికి 2 ఏళ్ల వరకు సాధారణ జైలుశిక్ష ఉండేది, కొత్త బీఎన్‌ఎస్‌లోనూ ఈ నేరం కొనసాగుతోంది. పారిపోతే ఉద్యోగానికీ ఎసరే. బేడీ వేస్తే మాత్రం ఎవరో వీడియో తీసి, అది వైరల్ అయితేనే సమస్య. కాబట్టి ఇద్దరు కానిస్టేబుళ్లు నలుగురు ఖైదీలను బస్సులో తీసుకెళ్లాల్సి వస్తే ఏం చేస్తారో ఊహించడం కష్టం కాదు. పారిపోతే ఉద్యోగం పోతుంది, బేడీ వేస్తే బహుశా ఏమీ కాదు.

ఆస్పత్రిలో ఇది ఇంకా ఇబ్బంది. పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో ఖైదీల కోసం విడిగా వార్డు ఉంటుంది. తలుపుకి తాళం, బయట కాపలా ఉంటే మంచానికి గొలుసు అవసరమే రాదు. కానీ చాలా చోట్ల ఖైదీని పెట్టేది జనరల్ వార్డులోనే. చుట్టూ జనం, అటెండర్లు, నాలుగు దారులు. రాత్రి డ్యూటీలో కానిస్టేబుల్ టీకి వెళ్లాలన్నా, బాత్రూంకి వెళ్లాలన్నా గొలుసే కాపలా మనిషి అవుతోంది.

వీళ్లంతా ఎవరన్నది కూడా చూడాలి. జాతీయ నేర గణాంక సంస్థ లెక్కల ప్రకారం 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురి మీద నేరం ఇంకా రుజువే కాలేదు.

బేడీ వల్ల ప్రాణానికి ప్రమాదమా?

అవమానం ఒక్కటే కాదు, ఒంటికీ ముప్పే.

మణికట్టు దగ్గర బొటనవేలి వైపు వెళ్లే నరం చర్మానికి చాలా దగ్గరగా ఉంటుంది. బేడీ బిగిస్తే ఆ నరం నలిగి తిమ్మిరి, మంట వస్తాయి, కొందరికి నెలల తరబడి ఉంటాయి. బేడీ వేశాక మరింత బిగుసుకోకుండా రెండో లాక్ వేసే ఏర్పాటు మామూలుగా ఉంటుంది. అది వేయకపోతే కదిలిన కొద్దీ బిగుసుకుంటుంది. చేతులు వెనక్కి విరిచి కట్టిన మనిషి కింద పడితే తల, ముఖం కాపాడుకోలేడు. అలా కట్టి బోర్లా పడుకోబెట్టి మీద బరువు వేస్తే ఊపిరాడదు. 2020లో అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ చనిపోయింది ఇలాగే, చేతులు వెనక్కి బేడీలతో, బోర్లా, మెడపై మోకాలితో.

ఇక గుండెనొప్పితో వచ్చినవాడికి సెలైన్ పెట్టాలి, ఈసీజీ తీయాలి, గుండె ఆగితే ఛాతీ మీద నొక్కాలి. తాళంచెవి ఉన్న కానిస్టేబుల్ కోసం వెతికే టైం అక్కడ ఉండదు.

అగ్నిప్రమాదం జరిగితే? తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న మానసిక రోగులను ఉంచిన ఒక హోంలో మంటలు లేచాయి. గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది బయటపడలేక చనిపోయారు. అది జైలు కాదు, కానీ మంటకు ఆ తేడా తెలియదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం మానసిక రోగులను ఏ రూపంలోనూ గొలుసులతో కట్టకూడదని నిషేధించింది. ఆస్పత్రిలో రోగికి దక్కే ఈ రక్షణ, అదే ఆస్పత్రిలో ఉన్న ఖైదీకి వచ్చేసరికి కనిపించట్లేదు.

మరి బేడీలు పూర్తిగా వద్దా?

అలా ఎవరూ అనట్లేదు. ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన నెల్సన్ మండేలా రూల్స్ కూడా పూర్తిగా నిషేధించలేదు. నొప్పి పుట్టించే గొలుసులు, ఇనుప సంకెళ్లు మాత్రం వద్దంటాయి. తరలించేటప్పుడు పారిపోకుండా బేడీ వేయొచ్చు, కానీ జడ్జి ముందుకు రాగానే తీసేయాలి. తనకో ఇతరులకో హాని చేసుకోకుండా ఆపడానికి వేరే దారి లేనప్పుడు జైలు అధికారి ఆదేశంతో వాడొచ్చు, కానీ వెంటనే డాక్టర్‌కు చెప్పాలి, పై అధికారులకు రిపోర్టు చేయాలి. ఉన్నవాటిలో తక్కువ బాధ పెట్టేదే వాడాలి, ముప్పు పోగానే తీసేయాలి. ప్రసవ సమయంలో, ప్రసవం అయిన వెంటనే మహిళలకు అసలు వాడకూడదు.

సుప్రీంకోర్టు చెప్పేదీ దాదాపు ఇదే. కరుడుగట్టిన గ్యాంగ్‌స్టర్‌ను, గతంలో తప్పించుకున్నవాడిని తరలించేటప్పుడు పోలీసులు కోర్టును అడిగితే అనుమతి దొరుకుతుంది. అడగకుండా, రాయకుండా, అందరికీ అలవాటుగా వేసేయడమే తప్పు.

ఏం చేస్తే ఆగుతుంది?

కొత్త చట్టాలేమీ అక్కర్లేదు. ఉన్నవాటిని కాగితం మీదకు తెస్తే చాలు.

మొదటిది, జైలు గేటు దాటే ప్రతి ఖైదీ ఎస్కార్ట్ పాస్‌పోర్ట్‌లో 'బేడీలకు కోర్టు అనుమతి ఉందా, లేదా' అన్న గడి ఉండాలి. లేదంటే బేడీ ఉండకూడదు. అప్పుడు తప్పు కానిస్టేబుల్ దగ్గర ఆగదు, సంతకం పెట్టిన అధికారి దాకా వెళ్తుంది.

రెండోది, ఎస్కార్ట్‌కు మనుషులు కావాలి. ఆరుగురు హెడ్ కానిస్టేబుళ్లను సస్పెండ్ చేస్తే, తర్వాతి రోజు ఎస్కార్ట్‌కి ఆరుగురు తగ్గుతారంతే. రిమాండ్ పొడిగింపు లాంటివి వీడియో ద్వారా జరిపే వీలుంది కాబట్టి, అనవసర ప్రయాణాలు తగ్గించుకుని ఆ సిబ్బందిని ఆస్పత్రి కాపలాకు వాడుకోవచ్చు.

మూడోది, జిల్లా ఆస్పత్రుల్లో తాళం వేసే ఒక గది ఖైదీలకు కేటాయించాలి. చికిత్సకు అడ్డమైతే బేడీ తీయమని చెప్పే మాట డాక్టర్‌దే కావాలి.

నాలుగోది, మేజిస్ట్రేట్లు అడగాలి. 2022లో కర్ణాటక హైకోర్టు ఒక లా విద్యార్థికి అక్రమంగా బేడీలు వేసి నడిపించినందుకు 2 లక్షల రూపాయల పరిహారం ఇప్పించింది. నిందితుడిని హాజరుపరిచినప్పుడు బేడీలు వేశారా అని మేజిస్ట్రేట్లు అడిగి తెలుసుకోవాలని, పోలీసులకు బాడీ కెమెరాలు ఇవ్వాలని చెప్పింది. ఆ ఒక్క ప్రశ్న ప్రతి కోర్టులో వినిపిస్తే సగం బేడీలు కోర్టు గేటు బయటే ఊడిపోతాయి.

కుటుంబసభ్యులు ఏం చేయొచ్చు?

తమవాళ్లకు బేడీలు వేసి కనిపిస్తే గొడవ పడాల్సిన పనిలేదు. కోర్టు అనుమతి ఉందా అని ఎస్కార్ట్ అధికారిని అడగొచ్చు. తేదీ, టైం, చోటు రాసి పెట్టుకోవాలి. కోర్టుకు తెచ్చినప్పుడు లాయర్ ద్వారా మేజిస్ట్రేట్‌కు చెప్పి రికార్డు చేయమని కోరాలి. లాయర్‌ని పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ను ఇస్తుంది, హెల్ప్‌లైన్ నంబర్ 15100. మానవ హక్కుల కమిషన్‌కూ ఫిర్యాదు చేయొచ్చు. ఆస్పత్రిలో అయితే డ్యూటీ డాక్టర్‌కు చెప్పి కేస్ షీట్‌లో రాయించడం మంచిది. రోహ్‌తక్ కేసులో బేడీ వేసిన మాట నిజమేనని ఆస్పత్రి వర్గాలు ఒప్పుకోవడమే సుప్రీంకోర్టులో కీలకమైంది.

లగచర్ల రైతు విషయంలో వీడియో ఉంది కాబట్టి ముఖ్యమంత్రి దాకా వెళ్లింది. వీడియో లేని ఖైదీల కోసం ఉండాల్సింది మాత్రం ఆ కోర్టు ఆర్డరే. తర్వాతిసారి ఇలాంటి ఫొటో బయటికొచ్చినప్పుడు ఎంతమందిని సస్పెండ్ చేశారన్నది కాదు, ఆ ఆర్డర్ ఉందా లేదా అన్నదే మొదట అడగాల్సిన ప్రశ్న.